జేఎల్ హిస్టరీ: 14వ లూయీని పట్టుకుంటే యూరప్ మొత్తం దొరికింది

జూనియర్ లెక్చరర్ (జేఎల్) సెలెక్షన్ లిస్టులో నా నంబర్ చూసుకున్నాక ఇంట్లో అందరి టెన్షన్ తీరింది. ఎలా చదివావని అడుగుతున్న వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను.

సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. భారతదేశ చరిత్ర అందరూ గట్టిగానే చదువుతారు. మార్కులు జారిపోయేది ఆధునిక యూరప్ దగ్గరే. పోయినసారి నాకు పోస్టు తప్పిపోయింది కూడా అక్కడే. అందుకే ఈసారి ఫ్రాన్స్ రాజు 14వ లూయీ దగ్గర ఆగిపోయాను. నాలుగు యుద్ధాలు, వాటి సంధులు, ఒక రాజభవనం అని బిట్లు బట్టీ పట్టి వదిలేయాలనిపించలేదు. 1643లో నాలుగేళ్ల వయసులో గద్దెనెక్కి, 1715లో చనిపోయేదాకా 72 ఏళ్లు రాజుగా ఉన్న మనిషి ఆయన. ఆయన చిన్నతనంలో ప్రభువులు, పారిస్ జనం లేవదీసిన ఫ్రాండ్ తిరుగుబాటు చదివాక ముడి వీడింది.

1651 ఫిబ్రవరి. రాజును పారిస్ దాటించేస్తున్నారని పుకారు లేచింది. రాత్రివేళ జనం రాజభవనం మీదికి వచ్చిపడ్డారు. తల్లి ఆన్ వాళ్లను లోపలికి రానిచ్చింది. పన్నెండేళ్ల లూయీ మంచం మీద కళ్లు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు. జనం వరసగా వచ్చి, పిల్లాడు ఉన్నాడని చూసుకుని వెళ్తున్నారు. ఆ పిల్లాడు పెద్దయ్యాక పారిస్‌ను, ప్రభువులను ఎలా నమ్ముతాడు?

ఇక్కణ్ణుంచి అన్నీ వరసగా కలిసిపోతాయి. అప్పటిదాకా ప్రధానమంత్రిగా ఉన్న మజారిన్ 1661లో చనిపోగానే లూయీ ఇక ప్రధానమంత్రే వద్దన్నాడు. ఆర్థిక వ్యవహారాలు చూసే ఫూకేను అదే ఏడాది జైల్లో పెట్టించాడు. రాష్ట్రాల్లో ఇంటెండెంట్లతో, అంటే తాను నియమించిన అధికారులతో పని నడిపించాడు. 1682లో ఆస్థానాన్ని పారిస్ నుంచి బయట ఉన్న వర్సెయిల్స్ రాజభవనానికి మార్చేశాడు. ఒకప్పుడు రాజు మీదే సైన్యాలు నడిపిన వంశాల వాళ్లు, రాజు పడుకునే వేళ కొవ్వొత్తి పట్టుకునే భాగ్యం తమకు దక్కుతుందా అని అక్కడ ఎదురుచూసేవారు. నిరంకుశ రాజరికం అంటే ఏమిటో ఆ కొవ్వొత్తి చూస్తే అర్థమవుతుంది.

ఒక్క రాజు మీద ఇన్ని రోజులా అని రూమ్‌లో వాళ్లు అన్నారు. టైమ్ వేస్ట్ కాదని నేను గట్టిగా చెబుతాను. 1598లో తాత 4వ హెన్రీ ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛనిస్తూ ఇచ్చిన నాంటెస్ శాసనాన్ని లూయీ 1685లో రద్దు చేస్తే దాదాపు 2 లక్షల మంది హ్యూగెనాట్లు (ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్లు) దేశం విడిచి వెళ్లారు. వాళ్లలో పనిమంతులైన చేతివృత్తుల వాళ్లు, వ్యాపారులు ఎందరో. స్పానిష్ వారసత్వ యుద్ధం ముగిసేసరికి ఖజానా అప్పుల్లో మునిగింది. ముఖ్యమైన పన్ను భారం ప్రభువుల మీద కాదు, రైతు మీదే పడింది. ఇది పట్టుబడితే 1789 ఫ్రెంచ్ విప్లవం కారణాలు వేరే బట్టీ పట్టక్కర్లేదు.

ఇంకో మాట. లూయీ 54 ఏళ్లు రోజూ మంత్రులతో కూర్చుని స్వయంగా పని చూశాడు. అంత పెద్ద రాజుకే తప్పనిది మనకు తప్పుతుందా? ఫోన్ పక్క గదిలో పెట్టండి. మూడ్ లేదనే మాట మానేయండి. పోస్టు కావాలనుకునేవాళ్లు రోజూ కుర్చీలో కూర్చోవాల్సిందే.

మిగతా యూనిట్లు నేనూ మీలాగే చదివాను, కొత్తేమీ లేదు. ఒక్క లింకు మాత్రం వదలకండి. లూయీ మంత్రి కోల్బర్ట్ 1664లో ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. గోల్కొండ సుల్తాను ఫర్మానాతో 1669లో మన మచిలీపట్నంలో వాళ్ల స్థావరం వెలిసింది. యూరోపియన్ల రాక నోట్స్‌లో ఆ పేజీ పక్కన లూయీ పేరు కూడా రాసుకోండి.