నూకనిచ్చెదను, మూకనిమ్ము తండ్రీ

నాగుల చవితి నాడు పుట్ట దగ్గర మా అవ్వ మాతో చెప్పించిన మాటలు ఇప్పటికీ నోటికి వస్తాయి. పడగ తొక్కితే పగవాడనుకోకు, నడుము తొక్కితే నావాడనుకో, తోక తొక్కితే తొలగిపో. చివర్లో "నూకనిచ్చెదను, మూకనిమ్ము తండ్రీ" అని గుప్పెడు నూకలు పుట్ట మీద చల్లేది. మూక అంటే పిల్లాజెల్లా, గొడ్డూగోదా, నిండుగా ఉండే ఇల్లు.

మాది కోవూరు వైపు, పెన్న నీళ్ళ కింద వరి. మన నెల్లూరికి అసలు వానలు కార్తీకంలోనే కదా. కయ్యల్లో, అంటే వరి మడుల్లో, నీళ్ళు నిలిచి బొక్కలు మునిగితే ఎలుకలూ పాములూ అన్నీ గెనిమల మీదికే, అంటే గట్ల మీదికే, ఎక్కుతాయి, నారుమడి చూసుకోవడానికి మనిషి నడిచేదీ ఆ గెనిమల మీదే. అందుకే ఆ ప్రార్థన నాకు ఉత్త భయంలా అనిపించదు. నిజంగా తొక్కే వీలున్న మనిషి, నిజంగా కాటేయగల ప్రాణితో మాట్లాడుకున్న మాట అది. చచ్చిపో అనలేదు, ఊరు వదిలిపో అనలేదు, తొలగిపో అన్నాం అంతే.

భాగవతం ప్రథమ స్కంధంలో, ధృతరాష్ట్రుడు చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయాక దుఃఖిస్తున్న ధర్మరాజుకు నారదుడు ఒక శ్లోకం చెప్తాడు.

అహస్తాని సహస్తానామపదాని చతుష్పదామ్ |
ఫల్గూని తత్ర మహతాం జీవో జీవస్య జీవనమ్ ||

చేతులు లేనివి చేతులున్నవాటికి, కాళ్ళు లేని గడ్డీగాదం నాలుగు కాళ్ళవాటికి, చిన్నవి పెద్దవాటికి ఆహారం, జీవికి జీవే జీవనం. బలమున్నవాడిదే రాజ్యం అనడానికి ఈ ముక్కను వాడుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకు అది అస్సలు ఒప్పదు. జీవనం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. పాము బతుకు ఎలుక చేతిలో ఉంది అని కదా దాని అర్థం! ఎలుకలు లేని ఏడు పాము పస్తుంటుంది, దాని పిల్లలు నిలబడవు. ఆ తర్వాతి శ్లోకంలోనే నారదుడు, లోపలా బయటా ఉన్నది ఒక్క భగవంతుడే, మాయ వల్ల ఇన్నిగా కనిపిస్తున్నాడు, ఆయన్ను చూడు అంటాడు. ఎలుకలో ఉన్నవాడే పాములోనూ ఉన్నాడు.

ఇప్పుడు కయ్యలోకి రండి. ఎలుక చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది, నాగుపాము ఏడాదికి ఒక్కసారి పది నుంచి ముప్పై గుడ్లు పెడుతుంది, అవి పిల్లలవడానికే రెండు నెలలు. తిండి దొరికితే ఎలుక ముందు పెరుగుతుంది, దాన్ని తిని పాములూ గుడ్లగూబలూ ఆలస్యంగా పెరుగుతాయి, అవి పెరిగాక ఎలుక తగ్గుతుంది, ఎలుక తగ్గాక ఇవీ తగ్గుతాయి, మళ్ళీ మొదలు. కెనడాలో కుందేళ్ళకూ వాటిని తినే లింక్స్ అనే అడవిపిల్లికీ సుమారు పదేళ్ళకొకసారి ఇలాగే ఎగుడుదిగుడు నడుస్తుందని, హడ్సన్స్ బే కంపెనీ వాళ్ళ పాత బొచ్చుతోళ్ళ లెక్కల్లో కనిపిస్తుంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం సముద్రం సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇటలీ పక్కన ఏడ్రియాటిక్ సముద్రంలో చేపలవేట తగ్గిపోయింది. ఆ ఏళ్ళలో సంతకొచ్చిన చేపల్లో సొరల్లాంటి వేటాడే చేపల వాటా పెరిగిందని ఉంబెర్తో దాంకోనా అనే జీవశాస్త్రవేత్త గమనించాడు. వీటో వోల్టెరా అనే గణితవేత్త 1926లో దానికి లెక్క కట్టాడు. వేటాడేదాన్నీ దాని ఆహారాన్నీ మనం ఒకే తీరున చంపుకుంటూ పోతే, మొత్తం మీద నష్టపోయేది వేటాడేదే, ఆహారంగా ఉన్నది పెరుగుతుంది.

పురుగుమందు కొట్టే ప్రతి రైతూ ఈ లెక్క వినాలి అనిపిస్తుంది నాకు. వరికి పట్టే సుడిదోమ అనే పురుగుకని మందు కొడతాం, దాన్ని తినే సాలీళ్ళు కూడా చస్తాయి, నాలుగు రోజులకు దోమ ముందుకన్నా ఎక్కువై తిరిగొస్తుంది. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 మందులు నిషేధించింది ఇందుకే.

మా కయ్యల పక్కన ఒక పెద్ద పుట్ట ఉండేది. చదును చేయిస్తూ పక్క పొలంవాళ్ళు జేసీబీతో దాన్ని తోసేశారు. ఆ తర్వాతి పంటకు ఎలుకలు వెన్నులు కొరికిపారేశాయి. ఆ ఒక్క పుట్ట వల్లే అని నేను అనను, గెనిమల మీద విషపు ఎరలు పెట్టారు, తుప్పలు తగలబెట్టారు, అన్నీ కలిశాయి. కుండలో పొగపెట్టి ఎలుకలు పట్టడానికి వచ్చిన యానాది పెద్దాయన బొక్కలు చూసుకుంటూ, పాములు తిరిగే కయ్యలో మాకు పని తక్కువ అయ్యా అన్నాడు. అవ్వ ఆ రోజంతా అన్నం తినలేదు.

ఇంకొకటి. పాము పాలు తాగదు. భక్తితో నాలుగు చుక్కలు పైన చిలకరించండి చాలు, చెంబులకొద్దీ లోపలికి పోస్తే పుట్ట నాని కూలుతుంది. పొరపాటున కాటు పడితే మాత్రం మంత్రాల దగ్గర ఆగకుండా నేరుగా ఆసుపత్రికి.

నూకనిచ్చెదను అన్నాం కదా, మరి ఏటికోసారి గుప్పెడు నూకలేనా మనం ఇచ్చేది? ఈసారి చవితికి నాయనను అడిగాను, కాలవ పక్క మూలలో పుట్ట ఒకటి మళ్ళీ లేస్తోంది, దాని చుట్టూ నాలుగు గజాలు దున్నొద్దు, ఎర పెట్టొద్దు అని. ఆయన ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున పోయి చూస్తే ట్రాక్టర్‌వాళ్ళకు తెలిసేలా నాలుగు వైపులా కర్రలు పాతి, ఒకదానికి పసుపు గుడ్డ కట్టి ఉంది.