డైక్‌స్ట్రా, లేవెన్‌హుక్, హైగెన్స్: డచ్ పేర్లను ఇంగ్లీషులో పలకడం

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ బృందంలో అందరూ మాట్లాడేది ఇంగ్లీషే గానీ, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఒక్కరూ లేరు. డచ్ వాళ్ళు, టర్కీ వాళ్ళు, పోలండ్ వాళ్ళు, మనవాళ్ళు ఎవరి యాసలో వారు మాట్లాడుకుంటూ పని నడుపుకుంటాము. యాస వల్ల పెద్దగా చిక్కు రాదు. చిక్కు వచ్చేది పేర్ల దగ్గర, అందులోనూ ఈ దేశపు శాస్త్రవేత్తల పేర్ల దగ్గర. ఇంజనీరింగు ముగించుకొని కొత్తగా వచ్చిన తెలుగు కుర్రవాడు తెల్లబోర్డు మీద చుక్కలు పెట్టి, గీతలు కలిపి, ఒక్కో గీత మీద దూరం వేసి, అతి దగ్గరి దారిని కనుక్కొనే పద్ధతిని ఎక్కడా తడబడకుండా వివరించి, దాన్ని "డిజ్‌క్‌స్ట్రా అల్గారిథమ్" అంటారని చెప్పాడు. ఎదురుగా కూర్చున్న డచ్ సహోద్యోగికి ఆ పద్ధతి కంఠస్థమే. అయినా ఆ పేరు ఎవరిదో ఆమెకు వెంటనే అందలేదు.

ఆ పేరు ఈ ఊరివాళ్ళకు పాఠ్యపుస్తకంలోని పేరు మాత్రమే కాదు. ఎడ్స్‌ఖర్ డైక్‌స్ట్రా 1930లో రాటర్‌డామ్‌లో పుట్టినా, 1962 నుంచి 1984 వరకు ఐండ్‌హోవెన్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడిగా పనిచేశారు. అమెరికాలోని ఆస్టిన్‌లో చాలా ఏళ్ళు బోధించి, చివరికి పక్కనే ఉన్న న్యూనెన్‌కు తిరిగి వచ్చి 2002లో అక్కడే కన్నుమూశారు. మన కాలేజీల్లో పరీక్ష కోసం వల్లెవేసే ఆ అల్గారిథమ్‌ను ఆయన 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటలు ముందు, కాబోయే భార్యతో కూర్చొని, కాగితం కలం లేకుండానే, ఇరవై నిమిషాల్లో ఆలోచించానని స్వయంగా చెప్పుకున్నారు. అది అచ్చయింది 1959లో. ఇంత దగ్గరి మనిషి పేరును ఇక్కడే పనిచేస్తూ అక్షరాల వెంట తడుముకొని చదవడం నాకు బాధగానే ఉంటుంది.

మనవాళ్ళు తట్టుకొని పడేది ఐ, జె అనే రెండు అక్షరాల దగ్గర. డచ్‌లో అవి పక్కపక్కన వస్తే రెండు ధ్వనులు కావు, ఒక్కటే అచ్చు. వాటిని ఎంతగా ఒకే అక్షరంగా చూస్తారంటే, ఊరి పేరు వాటితో మొదలైతే రెండింటినీ పెద్దక్షరాలుగానే రాస్తారు. ఆ అచ్చు మన "ఐ"కి బాగా దగ్గర. నోరు ఇంకాస్త తక్కువ తెరిచి "ఎయ్" అన్నట్టుగా పలుకుతారు. ఇంగ్లీషులో "డైక్‌స్ట్రా" అంటే సరిపోతుంది. పేరులోని మొదటి భాగానికి వరదకట్ట అని అర్థం, ఇంగ్లీషులోని డైక్ దానికి అన్నదమ్ముడే, కాబట్టి ఆ భాష మాట్లాడేవారికి ఇది పరాయి ధ్వని కానే కాదు. ప్రోగ్రాములు రాసేవారికి స్పెల్లింగు కూడా సులువే: లూపుల్లో మనం వాడే ఐ, జె, కె అదే వరుసలో ఈ పేరు మధ్యలో ఉన్నాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇంగ్లీషులో మాట్లాడుతూ డచ్ పేరును ఎంతవరకు డచ్‌లాగా పలకాలి? ఇంగ్లీషు వాక్యం మధ్యలో ఆ ఒక్క పేరు కోసం గొంతు మార్చుకొని, అసలు సిసలైన ధ్వని కోసం ప్రయాసపడనక్కరలేదని నా అభిప్రాయం. దీన్ని నేను డచ్ వాళ్ళను వినే నేర్చుకున్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర తమలో తాము మాట్లాడుకునేటప్పుడు "డెయ్‌క్‌స్ట్రా" అనే మనిషే, మీటింగులో ఇంగ్లీషుకు మారగానే ఏ ప్రయత్నమూ లేకుండా "డైక్‌స్ట్రా" అంటాడు. మనం ఇంట్లో "హైదరాబాదు" అని, ఇంగ్లీషులో "హైడ్రబాడ్" అన్నప్పుడు ఊరిని చిన్నబుచ్చినట్టు ఎవరూ అనుకోరు కదా! ఏ డచ్ పేరు విషయంలోనైనా సందేహం వస్తే, పక్కనున్న డచ్ సహోద్యోగిని దాన్ని ఒకసారి డచ్‌లోనూ, ఒకసారి ఇంగ్లీషు వాక్యంలోనూ పెట్టి పలకమని అడిగి, రెండోదాన్ని పట్టుకోవడం మంచి పద్ధతి. అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు, సంతోషిస్తారు కూడా.

అయితే అన్ని పేర్లూ డైక్‌స్ట్రా అంత సులువుగా లొంగవు. సూక్ష్మజీవులను మొదటిసారి చూసిన డెల్ఫ్ట్ నగరవాసిని మా బడిలో "లీవెన్‌హాక్" అని చదివాము. ఆ పేరులో జంటగా వచ్చే ఇ అక్షరాలను ఇంగ్లీషు అలవాటుతో "ఈ" అని, చివర వచ్చే ఓ, ఇ అక్షరాలను "ఓ" లేదా "ఆ" అని చదవడం వల్ల పుట్టిన రూపమది. డచ్‌లో జంట ఇ అంటే మన "ఏ", ఓ పక్కన ఇ వస్తే మన "ఉ". కాబట్టి ఆయన "లేవెన్‌హుక్". మామూలు మాటల్లో మధ్యలోని నకారాన్ని మింగేసి "లేవహుక్" అని కూడా అంటారు. ఇంగ్లీషు నిఘంటువులు చూపించే ఉచ్చారణా "లేవెన్‌హుక్" వైపే ఉంది. అంటే తెలుగువాడికి ఇది ఏ శ్రమా లేని పేరు, మన లిపిలో ఉన్నది ఉన్నట్టుగా రాయవచ్చు. బట్టల వ్యాపారంతో బతుకుతూ, చేత్తో అరగదీసిన చిన్న కటకాల్లోంచి నీటిచుక్కను చూసిన ఈ మనిషికి లాటిన్ రాదు, ఇంగ్లీషు రాదు. లండన్‌లోని రాయల్ సొసైటీకి 1673 నుంచి 1723లో చనిపోయేదాకా డచ్‌లోనే ఉత్తరాలు రాశాడు, అక్కడివాళ్ళు అనువదించుకొని చదువుకున్నారు. తన భాష తప్ప మరొకటి తెలియకుండానే ప్రపంచానికి కొత్త లోకం చూపించిన ఆయన పేరును, ఆ భాషలోని రెండు అచ్చుల పాటి గౌరవంతో పలకడం న్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఖగోళ శాస్త్రవేత్త హైగెన్స్ సంగతి వేరు. ఆ పేరులోని తొలి అచ్చు తెలుగులో లేదు, ఇంగ్లీషులోనూ లేదు. "ఎ" అనడానికి నోరు తెరిచి, పెదవులను మాత్రం గుండ్రంగా చుట్టి, అక్కడినుంచి "యు" వైపు జారితే దాని దరిదాపుల్లోకి వస్తుంది. తరువాత వచ్చే గకారం గొంతులో రాపిడితో "ఖ"లా వినిపిస్తుంది, మేమున్న బ్రాబంట్ ప్రాంతంలో అయితే మెత్తగా పలుకుతుంది. ఇంగ్లీషులో "హైగెన్స్" అనేవారూ ఉన్నారు, "హాయ్‌గెన్స్" అనేవారూ ఉన్నారు, ఏదైనా ఫరవాలేదు. "హ్యూజెన్స్" మాత్రం ఏ భాషలోనూ ఆయన పేరు కాదు. ఆయన 1655లో కనుగొన్న శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్ మీద, 2005 జనవరి 14న ఆయన పేరే పెట్టుకున్న నౌక దిగింది. ఆ నౌకను నడిపిన ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన సాంకేతిక కేంద్రం ఉన్న నోర్ట్‌వైక్ పేరులోనూ ఆ ఐ, జె జంటే ఉంది.

రసాయనశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలిసిన వాన్ డర్ వాల్స్ పేరు దగ్గర మనకు ఒక మేలు ఉంది. ఇంటర్‌లో మనం "వాల్స్" అన్నప్పటి "వ" దాదాపుగా డచ్ వాళ్ళు అనేదే. ఇంగ్లీషు వాళ్ళలా పెదవులు ముందుకు చాచి చుట్టడం గానీ, కింది పెదవిని పళ్ళతో గట్టిగా నొక్కడం గానీ అందులో లేవు. క, ట, ప ధ్వనుల్లోనూ అంతే, ఇంగ్లీషు వాళ్ళు మాట మొదట్లో వాటి వెంట గాలి వదులుతారు, డచ్ వాళ్ళూ మనమూ వదలము. అందుకే డచ్ పేరును ఇంగ్లీషు అక్షరాల మీదుగా చుట్టు తిరిగి చేరడం కన్నా, చెవితో విని తిన్నగా తెలుగు లిపిలో రాసుకోవడం మనకు దగ్గరి దారి. మన భౌతికశాస్త్ర పుస్తకాల్లో మరో డచ్ శాస్త్రవేత్త పేరుమీద ఉన్న "జీమన్ ఫలితం" కూడా అలా విని రాసి ఉంటే "జేమన్ ఫలితం" అయ్యేది. కొత్తగా చేరిన మనవాళ్ళకు నేను చెప్పేది ఇదే: నోట్సులో పేరు పక్కన తెలుగులో రాసుకోండి.

ఇదే చిక్కు ఎదుటివైపు నుంచి కూడా ఉంది. డచ్‌లో జె అక్షరం "య" కాబట్టి జ్యోతి "యోతి" అవుతుంది, సుజాత "సుయాత" అవుతుంది. విజయ్ అనే పేరును ఇంగ్లీషులో రాస్తే ఐ, జె పక్కపక్కన పడతాయి, దాంతో చూసి చదివే డచ్ మనిషి నోట జకారమే వినిపించదు. విజయవాడకూ అదే గతి. కానీ స్వాతికి ఇక్కడ అన్యాయం జరగదు. మనం తకారానికి రాసే టి, హెచ్‌లను లండన్‌లో గాలి కలిపి చదివితే, ఇక్కడ హెచ్‌ను వదిలేసి మెత్తగా "త"కు దగ్గరగానే చదువుతారు.

భారతీయుల పేర్లను డచ్ చెవికి తగినట్టుగా రాసుకున్న సమాజం ఒకటి ఇప్పటికే ఈ దేశంలో ఉంది. 1873 నుంచి ఉత్తర భారతం నుంచి ఒప్పంద కూలీలుగా దక్షిణ అమెరికాలోని అప్పటి డచ్ వలస సూరినామ్‌కు వెళ్ళినవారి సంతతిలో చాలామంది, 1975లో ఆ దేశం స్వతంత్రమైన కాలంలో ఇక్కడికి వచ్చారు, హేగ్ నగరంలో వారి సంఖ్య ఎక్కువ. వారి పేర్లలో జకారానికి డి, జె అని, ఉకారానికి ఓ, ఇ అని రాస్తారు, దాంతో రాజ్‌కుమార్ డచ్ గుమస్తా నోట కూడా రాజ్‌కుమారే అవుతాడు. ఇక్కడ బిడ్డ పుట్టినప్పుడు నమోదు కార్యాలయంలో స్పెల్లింగు ఎలా ఇవ్వాలని తెలుగు తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. ఆ సూరినామ్ పద్ధతి నాకు నచ్చుతుంది గానీ, మన పాస్‌పోర్టులు, తాతల ఊళ్ళోని కాగితాలు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి వాటితో కలిసే స్పెల్లింగే ఇవ్వమని, బడిలో చేర్చిన మొదటిరోజున టీచరు ముందు ఆ పేరును రెండుసార్లు నిదానంగా పలికి వినిపించమని చెబుతాను.