మెదక్ చర్చికి, మా సంఘంతో

మా ఆయనకు గుండె ఆపరేషన్ అయ్యి క్షేమంగా ఇంటికి వచ్చాక, మెదక్ చర్చికి వెళ్లి దేవునికి కృతజ్ఞత చెల్లించాలని ఇద్దరం అనుకున్నాం. క్రిస్మస్ రోజు అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. అందుకే ఆ రద్దీ తగ్గాక జనవరిలో ఒక ఆదివారం పెట్టుకున్నాం. మేమిద్దరమే వెళ్దామనుకుంటే, సంగతి తెలిసి మా చర్చి సంఘంలో ఒక్కొక్కరూ "మేమూ వస్తాం" అన్నారు. చివరికి మినీ బస్సు మాట్లాడాల్సి వచ్చింది.

చీకటితోనే హైదరాబాద్ నుంచి బయల్దేరాం. నర్సాపూర్ అడవి దాటుతుంటే తెల్లారింది. వెనక సీట్లో పెద్దవాళ్లు పాత కీర్తనలు ఎత్తుకున్నారు, పిల్లలు తాళం వేస్తూ కూర్చున్నారు. మా ఆయన కిటికీ పక్కన కూర్చుని నెమ్మదిగా గొంతు కలిపారు. ఆపరేషన్ తర్వాత ఆయన పాడగా నేను వినడం అదే మొదలు.

నేను పుట్టింది క్రైస్తవ కుటుంబంలోనే. కానీ పెళ్లయి నగరానికి వచ్చాక ఉద్యోగం, పిల్లల చదువులు అంటూ మా భక్తి క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ పరిమితమైపోయింది. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరో ఆదివారం ఆరాధనలో ఆయన కోసం ప్రార్థన చేయించారట. మర్నాటి నుంచి క్యారేజీలు రావడం మొదలైంది. ఒకరు అన్నం, పప్పుచారు తెచ్చేవారు. ఇంకొకరు రాత్రి నాకు తోడుగా వరండాలో పడుకునేవారు. వాళ్లలో సగం మంది పేర్లు కూడా నాకు తెలియవు.

నిజం చెప్పాలంటే అలా తీసుకోవడం నాకు చాలా బరువుగా ఉండేది. ఎవరి దగ్గరా చేయి చాచకుండా బతకాలని మా నాన్న నేర్పాడు. ఇదంతా ఎలా తీర్చాలి అని ఒకటే టెన్షన్.

ఆ సంవత్సరమే కోత పండుగ వచ్చింది. మా సంఘంలో ఆ రోజు బియ్యం, గుమ్మడికాయలు, కోళ్లు, ఇంట్లో చేసిన పిండివంటలు తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేలం మొదలవబోతుండగా మా స్త్రీల సమాజంలో పెద్దావిడ ఒక నోట్‌బుక్, పెన్ను నా చేతిలో పెట్టి, "ఆఫీసులో లెక్కలు చూస్తవ్ గద బిడ్డా, ఇవి కూడా నువ్వే రాయాలె" అంది. సాయంత్రం దాకా రాశాను. ఒక సొరకాయను నలుగురు పోటీపడి వేలం పాడుకుంటుంటే అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ రోజుతో నా మీది బరువు దిగిపోయింది. ఎందుకో నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం మెదక్‌లోనే.

చర్చి శిఖరం ఊరు రాకముందే కనిపిస్తుంది. 175 అడుగుల ఎత్తు. లోపల అడుగు పెట్టగానే అందరూ మాటలు ఆపేశారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉన్న ఆ మందిరంలో దాదాపు 5,000 మంది కూర్చోవచ్చంటారు. బలిపీఠం వెనక రంగు అద్దాల్లో క్రీస్తు పరలోకానికి ఆరోహణం, అటూ ఇటూ కిటికీల్లో ఆయన జననం, సిలువ. అద్దాల వెనక ఎండ ఉంటేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. పొద్దు గూకాక వెళ్లినవాళ్లకు నల్లటి గాజే మిగులుతుంది. కాబట్టి వెళ్లేవాళ్లు పగలే వెళ్లండి.

ఈ మందిరాన్ని కట్టించింది వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోజుల్లో ఈ ప్రాంతమంతా కరువు. తిండి కోసం వచ్చినవాళ్లకు ఆయన పని చూపించాడు. జనం రాళ్లు మోసి, గోడలు కట్టి, ఆ కూలితో పిల్లల కడుపు నింపారు. పదేళ్లు సాగిన ఆ పని పూర్తయి 1924 డిసెంబర్ 25న మందిరాన్ని ప్రతిష్ఠించారు. చిన్నప్పటి నుంచి వింటున్న కథే ఇది. ఆ రోజు మాత్రం స్తంభం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడిపోయాను. ఆకలితో వచ్చిన మనిషికి అన్నం ఒక్కటే పెట్టి పంపేస్తే అతను ఎప్పటికీ బయటివాడే. పని కూడా ఇస్తే ఆ గోడలో అతనికీ భాగం ఉంటుంది. ఆసుపత్రికి క్యారేజీ తెచ్చినవాళ్లే నా చేతిలో నోట్‌బుక్ ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది.

ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు సంస్కారానికి మా ఆయన లేచి ముందుకు వెళ్లారు. మోకరించడానికి ఆయనకు కష్టమవుతుంటే పక్కనున్న ఎవరో, మాకు తెలియని మనిషి, మోచేయి పట్టి కూర్చోబెట్టాడు. నా కళ్లు ఆగలేదు. పక్కన మా పెద్దావిడ నా చేయి గట్టిగా పట్టుకుంది.

మధ్యాహ్నం ఆవరణలో చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని తిన్నాం. ఊళ్ల నుంచి ఆటోల్లో, డీసీఎంల్లో వచ్చినవాళ్లు రాళ్లు పేర్చి అక్కడే వండుకుంటున్నారు. మా పులిహోర వాళ్లకు ఇస్తే, వాళ్లు మాకు వేడివేడి కోడికూర పంపారు. కొవ్వొత్తులు వెలిగించేవాళ్లలో బొట్టు పెట్టుకున్న అమ్మలు, బుర్ఖా వేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఎవరి ప్రార్థన వాళ్లది. అది చూస్తే నాకు చాలా సంతోషం వేసింది.

తిరుగు దారిలో, బస్సు ఇంకా కౌడిపల్లి దాటకముందే పెద్దావిడ మళ్లీ నోట్‌బుక్ తీయించింది. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల్లో ఏ వారం ఎవరింట్లో ప్రార్థన కూటమో రాయాలట. ఒక్కొక్కరూ తమ వారం చెబుతున్నారు, నేను రాస్తున్నాను. మొదటి వారం ఖాళీగా ఉంది. మా ఆయన వైపు చూశాను. "మనింట్లోనే, రాసేయ్" అన్నారు.