మాత్ర ఆపిన తర్వాత

ఎనిమిది నెలల క్రితం డైనోజెస్ట్ మాత్రల చివరి అట్ట ఖాళీ అయినప్పుడు దాన్ని చెత్తబుట్టలో వేయబుద్ధి కాక సొరుగులో పెట్టుకున్నాను. రెండేళ్లపాటు ప్రతి రాత్రి ఒకే వేళకు వేసుకున్న ఆ 2 మిల్లీగ్రాముల మాత్ర వల్ల నాకు నెలసరి దాదాపు నిలిచిపోయింది, దానితోపాటు కడుపు పట్టుకుని నేలమీద ముడుచుకుపోయే రోజులూ నిలిచిపోయాయి. అయితే అది అండం విడుదలనే అణచివేస్తుంది కనుక దాన్ని వేసుకుంటూ గర్భం కోసం ఎదురుచూడడం కుదరదు. ఎండోమెట్రియోసిస్ నొప్పికి ఇచ్చే హార్మోన్ మందులు చాలావరకు ఇంతే. బిడ్డ కావాలనుకున్న రోజున వాటిని వదులుకోవాలి, వదులుకున్న నెలలోనే పాత నొప్పి తిరిగి రావచ్చు. ఈ మందులు కొన్నాళ్లు వాడి ఆపేస్తే గర్భం తేలికగా నిలుస్తుందని నాకు చెప్పినవాళ్లు లేకపోలేదు. కానీ ఐరోపా సంతాన వైద్య నిపుణుల సంఘమైన ఎష్రే 2022లో వెలువరించిన మార్గదర్శకాలు, కేవలం గర్భధారణ అవకాశాలు పెంచడం కోసం అలాంటి మందులు ఇవ్వవద్దనే చెబుతున్నాయి.

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం దానికి బయట, అంటే అండాశయాల మీద, ట్యూబుల చుట్టూ, ఒక్కోసారి పేగుల మీద కూడా పెరగడమే ఈ జబ్బు. ప్రసవ వయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పదహారో ఏట మొదలైన నా నొప్పికి ఈ పేరు పెట్టడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో ఒక డాక్టరు గారు నివేదికల వైపు చూడకుండానే, పిల్లలు పుడితే అదే తగ్గిపోతుందమ్మా అన్నారు. గర్భం ఈ జబ్బుకు మందు కాదని, కొందరికి ఆ తొమ్మిది నెలలు ఉపశమనం ఉన్నా తర్వాత నొప్పి తిరిగి రావచ్చని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. బిడ్డను కనడాన్ని నాకు ఒక చికిత్సగా రాసిచ్చిన ఆ మాట మీద నా కోపం ఇంకా పోలేదు.

పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో లోపల చూసే లాప్రోస్కోపీ ఆపరేషన్‌లో, నాలుగు దశల్లో నాది రెండోది అని తేలింది. దశ తక్కువైతే నొప్పి తక్కువ ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఆపరేషన్ చేసిన ఆవిడే, మీకు జబ్బు కొంచెం, నొప్పి చాలా అని ఒప్పుకున్నారు. కనిపించిన మచ్చలన్నీ తీసేసి, ఎడమ ట్యూబు చుట్టూ ఉన్న అతుకులను విడదీసి, నా వయసునూ ట్యూబుల స్థితినీ బట్టి 10కి 8 వేశారు. సర్జరీ తర్వాత సహజంగా గర్భం వచ్చే అవకాశాన్ని అంచనా వేసే సూచిక అది. మొదటి రెండు దశల్లో ఉన్నవారికి మచ్చలు తీసేయడం వల్ల మేలు జరుగుతుందని 1997లో కెనడాలో 341 మంది స్త్రీలతో చేసిన పరిశీలన చెప్పింది: 36 వారాల్లో, మచ్చలు తీసినవారిలో సుమారు 31 శాతం మందికి గర్భం నిలిచింది, కేవలం లోపల చూసి వదిలేసినవారిలో సుమారు 18 శాతం మందికి నిలిచింది. ఆ అంకెను పట్టుకునే నేనూ మావారూ ముందు సహజంగా ప్రయత్నిద్దామనుకున్నాం.

సహజంగా అన్న మాట దగ్గర నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. నా బాత్రూము అలమరలో, అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ను మూత్రంలో పసిగట్టే స్ట్రిప్పుల పెట్టె, ఒక గడియారం, రెండు రంగుల పెన్నులతో ఒక నోటుపుస్తకం ఉంటాయి. నెలసరి మొదలైన పదో రోజు నుంచి సాయంత్రం పూట స్ట్రిప్పును ముంచి, ఐదు నిమిషాలు ఆగి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి రెండు గీతల్లో ఏది ముదురుగా ఉందో చూస్తాను. ట్యూబ్‌లైటు కింద చూస్తే లేత గీత కూడా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. పరీక్ష గీత ముదిరిన తర్వాత ఒకటి, ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. అండం ఒక్క రోజుకు మించి నిలవదు, వీర్యకణాలు మాత్రం ఐదు రోజుల దాకా బతకగలవు. అందువల్ల గీత ముదిరాక కంగారుపడడం కన్నా అంతకు ముందు రెండు మూడు రోజులను వదులుకోకపోవడమే ముఖ్యం.

చిక్కు అక్కడే ఉంది. అండం విడుదలయ్యే రోజుల్లోనే నా పొత్తికడుపు ఎడమవైపు మెలిపెడుతుంది, కలయికలో లోతుగా గుచ్చినట్టు నొప్పి వస్తుంది. మొదటి రెండు నెలలు పళ్లు బిగబట్టి ఆయనకు చెప్పలేదు. మూడో నెలలో ఆయనే దీపం వేసి, నా ముఖం చూసి, ఇలాగైతే నాకు వద్దు అన్నారు. ఆ రాత్రి మేము ఎక్కువగా మాట్లాడుకున్నాం, క్యాలెండరు మాట దాదాపు మరిచిపోయాం. అప్పటినుంచి ఆ వారంలో రోజు విడిచి రోజు చాలనుకున్నాం, డాక్టరు గారూ అది సరిపోతుందన్నారు. ఎక్కడ ఆగాలో నేనే చెబుతాను, చెప్పినందుకు సంజాయిషీ ఇవ్వను.

నొప్పి మందుల విషయంలోనూ ఒక జాగ్రత్త నేర్చుకున్నాను. మెఫెనమిక్ ఆమ్లం, ఐబుప్రొఫెన్ వంటివి అండం విడుదలకు ముందు రోజుల్లో వాడితే ఆ విడుదలకే అడ్డుపడే అవకాశం ఉంది. కాబట్టి నెలసరి రోజుల్లో వాటిని వేసుకుంటాను, మధ్య రోజుల్లో పారాసెటమాల్‌తోనూ వేడినీళ్ల సంచీతోనూ నెట్టుకొస్తాను. నెలసరి వచ్చిన రోజు మాత్రం ఏ మందూ పూర్తిగా పని చేయదు, ఎందుకంటే ఆ రోజు శరీరం నొప్పినీ ఈ నెల కూడా కాలేదన్న కబురునూ కలిపే తెస్తుంది. ఏడ్చేది దేనికో నాకే తెలియదు.

గర్భం నిలిస్తే ఆరో వారంలోనే స్కాన్ తీయించుకోవాలి, ఎందుకంటే ఈ జబ్బు ఉన్నవారిలో పిండం ట్యూబులో నిలిచే ప్రమాదం కొంత ఎక్కువ. నిలవకపోతే ఎంతకాలం ఆగాలన్నదే అసలు ప్రశ్న. ముప్పై అయిదేళ్ల లోపువారు మామూలుగా ఏడాది చూడవచ్చంటారు, కానీ జబ్బు ఉందని ముందే తెలిసినవారు అంతకాలం ఆగకుండా డాక్టరును కలవాలి. నాకు ముప్పై రెండు. ఆయన వీర్య పరీక్ష, నా ఏఎమ్‌హెచ్ మొదట్లోనే చేయించాం. అండాల నిల్వను సూచించే ఆ ఏఎమ్‌హెచ్ అంకె ఈ నెల గర్భం వస్తుందో రాదో చెప్పదు. ఆరో నెలలో డాక్టరు గారిని కలిసి, పన్నెండో నెల దాకా చూసి, తర్వాత వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే ఐయూఐకి, అవసరమైతే అండాన్ని శరీరం బయట ఫలదీకరించే ఐవీఎఫ్‌కు వెళ్దామని నిర్ణయించుకున్నాం. దాన్ని నేను ఓటమిగా లెక్కపెట్టడం లేదు.

ఆ నిర్ణయాన్ని నోటుపుస్తకం చివరి పేజీలో నీలం సిరాతో రాసిపెట్టాను. మర్నాడు తెరిచి చూస్తే, దాని కింద ఆయన ఎర్రపెన్నుతో ఒక వాక్యం చేర్చి ఉన్నారు: నొప్పి భరించలేనిదైతే పన్నెండు నెలలు నిండకముందే ఆపేయవచ్చు. నేను దాని పక్కన తేదీ వేశాను.