చింతగింజల పోకర్: మా బావ దూకుడుకు 12 వారాల లెక్క

నల్లగొండల మా ఇంటి డాబా మీద ప్రతి ఆదివారం పొద్దుమీకి ఆరుగురం కూసుంటం. ఆట టెక్సాస్ హోల్డెమ్: చేతిల రెండు పత్తాలు, నడుమ అందరికి కలిపి ఐదు, ఏడిట్ల మంచి ఐదు ఎవరికుంటే కుప్ప వాళ్లదే. పైసలు లేవు, చింతగింజలే. మనిషికి 50 గింజలు, 15 గవ్వలు. గవ్వ అంటే 10 కాబట్టి మొత్తం 200. పత్తాలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన బ్లైండ్లు 1, 2. పంచేటోని గుర్తుకు 2011ల చెల్లకుండ పోయిన చారానా బిళ్ల. ఓడినోడు ఛాయ్ పెట్టాలె. పైసల ముచ్చట తీస్తే మా నాయన పత్తాలు గుంజుకుంటడు. 2017ల గేమింగ్ చట్టం మార్చినంక మన రాష్ట్రంల ఆన్‌లైన్ల పైసలు పెట్టి ఆడుడు కూడ బందే.

బావది మిర్యాలగూడ. మూడుముక్కలాటల ముదిరిన మనిషి. అండ్ల పత్తా చూడకుండ బ్లైండ్ ఆడుకుంట పోతే, పత్తా చూసినోడు రెండింతలు పెట్టాలె. మంచి పత్తా లేకపోతే ప్యాక్ అని పడేస్తడు. ఆ అలవాటే మా డాబా మీదికి తెచ్చిండు. ఏం వచ్చినా పెంచుడే.

1–3 వారాలు: పంతానికి పోయిన. ఆయన పెంచితే నేను ఒట్టి చేతులతోని ఇంకింత పెంచి బెదిరియ్యాలని చూసిన. పత్తాలు పడెయ్యని మనిషిని ఏం బెదిరిస్తం? మూడు వారాలు వరుసగ ఛాయ్ నేనే పెట్టిన. మూడోసారి పాలు పొంగినయి కూడ.

4వ వారం: నోటుబుక్కు తీసిన. 40 పంపకాల్ల బావ 26 సార్లు పెంచిండు. చేతిల జత వచ్చుడు 17 పంపకాలకు ఒక్కసారి. అంటే 40ల రెండు మూడు జతలు, ఇంకొన్ని ఆసులు, రాజులు. మిగిలిందంత గాలే. ఇది కాగితం మీద చూసినంక కోపం సగం దిగింది.

5వ వారం: జాగ మార్చిన. ఆట ఎడమకు తిరుగుతది కాబట్టి బావకు ఎడమ పక్కన చాప ఏసుకున్న. ఆయన ఏం చేసిండో చూసినంకనే నా వంతు. ఈ 12 వారాల్ల నాకు అన్నిటికన్నా ఎక్కువ అక్కెరకొచ్చింది ఈ చాపనే.

6–8 వారాలు: ఇంతకుముందు ఆయన 8 పెడితే నేను 8 పెట్టి ఊకుంటుంటి. ఎనకనుంచి ఇద్దరు ముగ్గురు జొరబడేటోళ్లు. ఇప్పుడు మంచి పత్తాలుంటే 25 చేస్తున్న. మిగతోళ్లు పడేస్తరు, బావా నేనే మిగులుతం. ఆయన ఏ పత్తాలతోనైన ఆడతడు కాబట్టి ఆసు–10, జత 8 అసొంటివి కూడ మంచి పత్తాలే. అందరు జాగ్రత్తగ ఆడే బల్ల మీద గింత ధైర్యం చెయ్య.

9వ వారం, రాసుకోవాల్సిన ఆట: నా చేతిల ఆసు–10. బావ 8, నేను 25, బావ చూసిండు (అంటే ఆయన కూడ అంతే పెట్టిండు). బ్లైండ్లతోని కుప్పల 53. ఫ్లాప్‌ల (నడుమ పరిచిన మొదటి మూడు పత్తాలు) 10, 6, 2. బావ 30 పెట్టిండు, నేను చూసిన. టర్న్‌ల (నాలుగో పత్తా) 4. బావ 60. కుప్ప 173 అయింది, నేను 60 పెడితే 233. నూటికి 26 సార్లు గెలిచినా పెట్టింది తిరిగొస్తది. చూసిన. రివర్ల (ఆఖరి ఐదో పత్తా) రాజు పడ్డడు. బావ మిగిలిన 85 అంత నూకిండు.

“ఏంది బామ్మర్ది, చెమటలు పడుతున్నయా?”

నేను 85 పెడితే కుప్ప 403. నూటికి 21 సార్లు గెలిస్తే చాలు. చూసిన. బావ దగ్గర రాజు–6, రెండు జతలు. మల్ల ఛాయ్ నేనే.

10–11 వారాలు: ఆ రాత్రే నోటుబుక్కు ముందలేసుకున్న. రివర్ల బావ మొత్తం నూకి, ఎవరో ఒకరు చూసినవి అప్పటికి 9. అండ్ల ఉత్తుత్తివి 2 మాత్రమే. 9ల 2 అంటే నూటికి 22. నాకు కావాల్సింది 21. అంటే నేను చేసింది తప్పు కాదు, అట్లని గొప్ప కూడ కాదు, అంచు మీద నిలబడ్డ. పైగా ఎవరూ చూడక పడేసినప్పుడు ఆయన చేతిల ఏముండెనో నా బుక్కుల లేదు. 9 లెక్కలను పట్టుకొని ఎక్కువ నమ్ముకోవద్దనుకున్న.

అయితే ఒకటి కనబడ్డది. ఫ్లాప్, టర్న్ల మీద బావ గాలితోనే కొడతడు. చేతులు ఒట్టిగుంటే రివర్ల చానాసార్లు ఏం పెట్టకుండ చెక్ అని చల్లబడతడు. అందుకే మొదటి రెండుసార్లు నడిమి జతతోని కూడ చూస్తున్న, మల్ల పెంచుతలేను; పెంచితే గాలి పత్తాలు పడేసి తప్పించుకుంటడు, ఇగ కొట్టడు. రివర్ల ఆయన మొత్తం నూకితే కుప్ప ఎంత, నేను పెట్టాల్సింది ఎంత అని లెక్కేసుకుంటున్న. ఆయన చెక్ అంటే మాత్రం పెద్ద జతతోని సగం కుప్ప పెడుతున్న. చిన్న జత ఉన్నా “సూపియ్యి” అంటడు, గింజలు ఇస్తడు. 10ల 140 మిగిలినయి, 11ల 310.

12వ వారం: ఛాయ్ పెట్టనీకి బావ లోపలికి పోయిండు. అటే నా నోటుబుక్కు ఉన్నది. ఛాయ్‌తోపాటు అది కూడ పట్టుకొచ్చి, “26 సార్లా?” అన్నడు. ఆ తర్వాత 30 పంపకాల్ల 9 సార్లే పెంచిండు, రెండుసార్లు నా 25కు పడేసిండు కూడ. కొత్త పేజీ తీసి తారీఖు ఏసిన. ఇప్పుడు ఆసు–10తోని 25 పెట్టాల్నా వద్దా, మొదటికెళ్లి చూడాలె.