డీఎంఏ ప్యాచ్‌ను తోక నుంచి చదవడం: నా అనుభవం

లైనక్స్ కెర్నెల్‌లో రివ్యూకి వచ్చిన డ్రైవర్ ప్యాచ్‌లో డీఎంఏ (సీపీయూ చేయి పెట్టకుండా డివైసే నేరుగా మెమరీని చదవడం, రాయడం) ఉందంటే నేను డిఫ్‌ను, అంటే పాత కొత్త కోడ్‌ల తేడాను, పై నుంచి కిందికి చదవను. అన్‌మ్యాప్ (డివైస్‌కి అప్పగించిన బఫర్‌ను వెనక్కి తీసుకోవడం) ఎక్కడుంది, ఫ్రీ ఎక్కడుంది, ఎర్రర్ వస్తే గోటో ఏ లేబుల్‌కి పోతోంది, రిమూవ్ ఫంక్షన్‌లో ఏది ముందు ఏది వెనుక, ఇవి ముందు చూసుకుంటాను. ఆ తర్వాతే వెనక్కి నడిచి మ్యాప్ చేసిన, అంటే బఫర్‌ను డివైస్‌కి అప్పగించిన చోటికి వస్తాను. డేటా సాఫీగా నడిచే దారిని ప్యాచ్ రాసినవాళ్లు ఎటూ పదిసార్లు నడిపి చూసుకునే ఉంటారు. మెమరీ దొరకనప్పుడు, టైమౌట్ అయినప్పుడు, మాడ్యూల్ తీసేసినప్పుడు నడిచే దారి మాత్రం చాలా ప్యాచ్‌లలో కంపైల్ అయి ఉంటుందంతే, నడిచి ఉండదు.

డిఫ్ మామూలుగా మార్పుకి పైన మూడు, కింద మూడు వరుసలే చూపిస్తుంది. డీఎంఏకి అది చాలదు. ప్యాచ్‌ను కెర్నెల్ సోర్స్ చెట్టుకి వేసుకుని, గిట్ డిఫ్‌కి పెద్ద డబ్ల్యూ ఆప్షన్ ఇచ్చి ఫంక్షన్ మొత్తం తెప్పించుకుంటాను. పక్కన కాగితం మీద రెండు గళ్లు గీస్తాను: సీపీయూ, డివైస్. ఒక్కో బఫర్‌కి ఒక్కో గీత. మ్యాప్ చేసిన వరుస దగ్గర గీత డివైస్ గడిలోకి దాటుతుంది, అన్‌మ్యాప్ దగ్గర వెనక్కి వస్తుంది. మధ్యలో సీపీయూ చూడాలంటే ‘సింక్ ఫర్ సీపీయూ’తో అడిగి తీసుకోవాలి. గీత డివైస్ గడిలో ఉండగా సీపీయూ దాన్ని ముట్టుకుంటే అది బగ్గే. ఎంత పెద్ద ప్యాచ్ అయినా నేను వెతికేది ఇదే.

‘మా మెషిన్‌లో బాగానే నడుస్తోంది’ అనే జవాబు తరచూ వస్తుంది. నడుస్తుంది మరి. ఎక్స్86లో డీఎంఏ కాష్‌తో పొందికగా ఉంటుంది (కాష్, మెమరీ తేడా పడకుండా హార్డ్‌వేరే చూసుకుంటుంది) కాబట్టి, ఐఓఎంఎంయూ (డివైస్ వాడే చిరునామాలను అనువదించే హార్డ్‌వేర్) గానీ బౌన్స్ బఫర్ (డేటాను మధ్యలో కాపీ చేసుకునే బఫర్) గానీ మధ్యలో లేకపోతే ఆ సింక్ కాల్స్ దాదాపు ఏ పనీ చేయవు. అదే డ్రైవర్‌ను కాష్ పొందిక లేని ఆర్మ్ బోర్డు మీద పెట్టండి. అక్కడ సింక్ అంటే కాష్ లైన్లను నిజంగా కొట్టేయడం లేదా మెమరీకి తోసేయడం. సీపీయూ ఆ బఫర్ జోలికే పోకపోయినా, ముందస్తుగా తెచ్చిపెట్టుకునే ప్రీఫెచ్ పాత డేటాను కాష్‌లోకి లాగి ఉండొచ్చు. అందుకే డివైస్ రాయడం అయ్యాక కూడా సింక్ కావాలి.

దగ్గరగా చూపించడానికి ఒక మార్పు తీసుకుంటాను. నెట్‌వర్క్ డ్రైవర్‌లో రిసీవ్ వైపు. ఇంతకుముందు కోహెరెంట్ మెమరీలో (సింక్ అడగకుండానే సీపీయూ, డివైస్ రెండూ చూడగల మెమరీ) పడ్డ ప్యాకెట్‌ను కాపీ చేసి పైకి పంపేది. ఇప్పుడు 256 డిస్క్రిప్టర్ల (బఫర్ చిరునామా, పొడవు, స్టేటస్ ఉండే ఎంట్రీలు) రింగ్, ఒక్కోదానికి 2048 బైట్ల బఫర్, ‘డీఎంఏ మ్యాప్ సింగిల్’తో స్ట్రీమింగ్ మ్యాపింగ్, అంటే ఒక్కో బదిలీకి అప్పగించి వెనక్కి తీసుకునే పద్ధతి. చిన్న ప్యాకెట్లను కాపీ చేసుకుని అదే బఫర్‌ను మళ్లీ రింగ్‌లో పెడుతుంది, పెద్దవాటికి కొత్త బఫర్ తెస్తుంది. ఆలోచన మంచిదే. చూడాల్సినవి లోపల ఉన్నాయి.

మొదట పట్టుబడేది అన్‌మ్యాప్ పొడవు. మ్యాప్ చేసింది 2048 బైట్లు. అన్‌మ్యాప్‌కి ఇచ్చింది వచ్చిన ప్యాకెట్ పొడవు. సింక్‌కి వచ్చినంత మేరకే ఇవ్వొచ్చు, తప్పు లేదు. అన్‌మ్యాప్‌కి మాత్రం మ్యాప్ చేసినప్పుడు ఇచ్చిన చిరునామా, పొడవు, దిశ మూడూ యథాతథంగా ఇవ్వాలి. పొడవు తేడా పడితే బౌన్స్ బఫర్ స్లాట్లు గానీ ఐఓఎంఎంయూ పేజీలు గానీ లెక్క తప్పొచ్చు. లోడు ఎక్కువయ్యాక ఎప్పుడో మ్యాపింగ్ విఫలం కావచ్చు, అప్పుడు దీన్ని ఎవరూ అనుమానించరు.

తర్వాత డిస్క్రిప్టర్ చదివే వరుస. స్టేటస్‌లో ‘పని అయింది’ బిట్ చూస్తోంది, వెంటనే పొడవు ఫీల్డ్ చదువుతోంది. మధ్యలో ‘డీఎంఏ ఆర్‌ఎంబీ’ (చదివే వరుస తారుమారు కాకుండా ఆపే బారియర్) లేదు. బలహీనమైన మెమరీ ఆర్డరింగ్ ఉన్న ప్రాసెసర్ పొడవును ముందే చదివేసుకుని, స్టేటస్‌ను తర్వాత చదవొచ్చు. అప్పుడు స్టేటస్ కొత్త ప్యాకెట్‌ది, పొడవు పాత ప్యాకెట్‌ది అవుతుంది. పంపే వైపు ఇదే తలకిందులు: చిరునామా, పొడవు రాశాక ‘డీఎంఏ డబ్ల్యూఎంబీ’, ఆ తర్వాతే యాజమాన్యం బిట్. ఇక డోర్‌బెల్ రిజిస్టర్‌కి (పని సిద్ధంగా ఉందని డివైస్‌కి చెప్పేది) రాసేది ‘రైట్‌ఎల్’ అయితే దాని లోపలే బారియర్ ఉంటుంది. వేగం కోసమని ఎవరైనా ‘రైట్‌ఎల్ రిలాక్స్‌డ్’కి మార్చారా, ఆ హామీ పోయినట్టే. ఈ ఒక్క మాట మార్పున్న ప్యాచ్‌లకి నేను ఎక్కువ సమయం ఇస్తాను.

ఆ పొడవును నమ్మడమూ తప్పే. డివైస్ 2048 కంటే పెద్ద అంకె చెబితే ఏమవుతుందో డ్రైవర్ చూసుకోవాలి. పైగా ఆ ఫీల్డ్ కోహెరెంట్ మెమరీలో ఉంటుంది. ఒకసారి చదివి సరిచూసి, కాపీ చేసేటప్పుడు మళ్లీ చదివితే, ఆ రెండింటి మధ్య అది మారిపోవచ్చు. ‘రీడ్ వన్స్’తో ఒక్కసారే లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చుకుని, డివైస్ బైట్ క్రమం నుంచి సీపీయూ బైట్ క్రమానికి మార్చుకుని, ఇక దాన్నే వాడాలి.

అసలు బగ్ ఇక్కడే ఉంది. డివైస్ ప్రతి బఫర్ మొదట్లో 16 బైట్ల హెడర్ పెడుతుంది, డ్రైవర్ అందులోని ఫీల్డ్‌ల బైట్ క్రమాన్ని బఫర్‌లోనే అక్కడికక్కడ మార్చి రాస్తోంది. ప్యాకెట్ చిన్నదైతే కాపీ తీసుకుని బఫర్‌ను అలాగే రింగ్‌కి ఇచ్చేస్తోంది. ‘ఫ్రమ్ డివైస్’ దిశలో సీపీయూ చదివి ఊరుకుంటే, తిరిగి ఇచ్చేటప్పుడు ‘సింక్ ఫర్ డివైస్’ లేకపోయినా చెల్లుతుందని కెర్నెల్ డాక్యుమెంటేషన్ ఉదాహరణే చెబుతుంది. కానీ ఇక్కడ సీపీయూ రాసింది. ఆ 16 బైట్లున్న కాష్ లైన్ మురికిగా, అంటే సీపీయూ రాసింది మెమరీకి ఇంకా చేరకుండా, మిగిలింది. డివైస్ కొత్త ప్యాకెట్ రాశాక ఆ లైన్ కాష్ నుంచి బయటికి నెట్టబడితే, 64 బైట్ల లైన్ ఉన్న ప్రాసెసర్‌లో కొత్త ప్యాకెట్ మొదటి 64 బైట్ల మీద పాత ప్యాకెట్ ముక్క పడుతుంది. చూసేవాళ్లకి ఎప్పుడో ఒకసారి చెక్‌సమ్ తప్పినట్టు కనిపిస్తుందంతే. నిందంతా కేబుల్ మీదికి పోతుంది. ‘సింక్ ఫర్ డివైస్’ ఒకటి తగిలించండి అని కామెంట్ పెట్టొచ్చు, కానీ నేను అడిగేది అది కాదు: బఫర్‌లో రాయకండి, విలువను లోకల్‌గా మార్చుకోండి.

కొత్త బఫర్ తెచ్చే చోట క్రమం ముఖ్యం. పాత బఫర్‌ను అన్‌మ్యాప్ చేసి పైకి పంపేసి, ఆ తర్వాత కొత్తది అడిగి, అది దొరక్కపోతే? రింగ్‌లో ఖాళీ పడుతుంది, లేదంటే డిస్క్రిప్టర్‌లో పాత చిరునామా మిగిలి, డివైస్ ఎవరి మెమరీలోనో రాస్తుంది. ముందు కొత్తది తీసుకుని, మ్యాప్ చేసి, ‘డీఎంఏ మ్యాపింగ్ ఎర్రర్’తో సరిచూసుకుని, అప్పుడు పాతది వదలాలి. కొత్తది దొరక్కపోతే ఆ ప్యాకెట్‌ను పారేసి పాత బఫర్‌నే మళ్లీ పెట్టాలి. తిరిగి వచ్చిన చిరునామాను సున్నాతో పోల్చి చూస్తే చాలదు. సున్నా కూడా సరైన డీఎంఏ చిరునామా కావచ్చు.

చిన్నచిన్నవి కొన్ని గ్రెప్‌తోనే దొరుకుతాయి. డీఎంఏ చిరునామాను 32 బిట్ల వేరియబుల్‌లో దాచడం, ‘వర్ట్ టు ఫిజ్’తో తెచ్చిన భౌతిక చిరునామాను డివైస్‌కి ఇవ్వడం, స్టాక్ మీది అర్రేనో వీమాలాక్ మెమరీనో (భౌతికంగా వరుసగా ఉండకపోవచ్చు) మ్యాప్ చేయడం. 64 బిట్ల మాస్క్ (డివైస్ ఎన్ని బిట్ల చిరునామా పంపగలదో చెప్పేది) విఫలమైతే 32కి దిగే కోడ్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పటి కెర్నెల్‌లో 64 బిట్ల మాస్క్ మరీ వెడల్పన్న కారణంతో విఫలం కాదు, దాన్ని తీసేయమంటాను. స్ట్రక్చర్ మధ్యలో బఫర్ పెట్టి, దాని పక్కనే లాక్‌నో కౌంటర్‌నో పెడితే రెండూ ఒకే కాష్ లైన్‌లో పడి, ఒకదాని మార్పు రెండోదాన్ని చెరిపేయొచ్చు. బఫర్‌ను వేరే కేమాలాక్ (కెర్నెల్ మెమరీ ఇచ్చే కాల్)తో తీసుకోవడమే హాయి.

స్కాటర్ గ్యాదర్ (చెల్లాచెదురుగా ఉన్న మెమరీ ముక్కలను ఒకే బదిలీలో ఇవ్వడం) ఉంటే ఒకే లెక్క, కానీ తప్పేవాళ్లు చాలామంది. ‘డీఎంఏ మ్యాప్ ఎస్‌జీ’కి 10 ముక్కలిస్తే ఐఓఎంఎంయూ వాటిని కలిపేసి 3 అని తిరిగివ్వొచ్చు. డివైస్‌కి ప్రోగ్రామ్ చేయాల్సింది 3. అన్‌మ్యాప్‌కి ఇవ్వాల్సింది 10. విఫలమైతే అది 0 ఇస్తుంది, రుణ సంఖ్య ఇవ్వదు. ‘సున్నా కంటే తక్కువా’ అని చూసే షరతు ఎప్పుడూ నిజం కాదు. 5.8లో వచ్చిన ‘డీఎంఏ మ్యాప్ ఎస్‌జీ టేబుల్’ ఈ రెండు లెక్కలనూ తనలోనే దాచుకుని, విఫలమైతే మామూలు ఎర్రర్ కోడ్ ఇస్తుంది. కొత్త కోడ్‌లో అదే అడుగుతాను.

డీఎంఏ ఇంజిన్ (వేరే డివైస్‌ల కోసం డేటా మోసే హార్డ్‌వేర్) వాడే డ్రైవర్లలో నా చూపు తిన్నగా టైమౌట్ దారికి పోతుంది. ‘వెయిట్ ఫర్ కంప్లీషన్ టైమౌట్’ సున్నా ఇచ్చింది, అంటే పని కాలేదు. కోడ్ ఏం చేస్తుంది? ఎర్రర్ ప్రింట్ చేసి, అన్‌మ్యాప్ చేసి, బఫర్ ఫ్రీ చేసి వెళ్లిపోతుంది. ఇంజిన్ ఆగిందని ఎవరు చెప్పారు? అది ఆలస్యంగా పని ముగించి, అప్పటికే ఇంకొకరి చేతికి పోయిన మెమరీలో రాస్తుంది. ముందు ‘డీఎంఏ ఇంజిన్ టెర్మినేట్ సింక్’, అది తిరిగొచ్చాకే అన్‌మ్యాప్. ఆ కాల్ నిద్రపోగలదు కాబట్టి అటామిక్ (నిద్రపోకూడని) సందర్భంలో గానీ కంప్లీషన్ కాల్‌బ్యాక్‌లో గానీ పిలవకూడదు. టైమౌట్ విలువ కూడా చూడండి. ఉత్త 1000 అని ఇస్తే అది జిఫీలు, అంటే కెర్నెల్ గడియారం టిక్కులు. హెచ్‌జెడ్ (సెకనుకి ఎన్ని టిక్కులు) 1000 ఉన్న కెర్నెల్‌లో ఒక సెకను, 100 ఉన్నదాంట్లో పది సెకన్లు.

రిమూవ్‌లో అడిగేదీ ఇలాంటిదే. డెవ్‌ఎం పద్ధతిలో (డ్రైవర్ తీసుకున్నవాటిని చివర కెర్నెలే వదిలేసే పద్ధతి) తీసుకున్న ఇంటరప్ట్ రిమూవ్ ఫంక్షన్ ముగిశాక గానీ వదలదు. రిమూవ్ లోపలే బఫర్లను ఫ్రీ చేస్తే, ఆ సందులో వచ్చిన ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఫ్రీ అయిన రింగ్‌ను చదువుతుంది. డివైస్‌ను ఆపడం, ఇంటరప్ట్‌ను వదలడం, ఆ తర్వాతే అన్‌మ్యాప్, ఫ్రీ.

చదవడం అయ్యాక నడిపి చూస్తాను. ‘కాన్ఫిగ్ డీఎంఏ ఏపీఐ డీబగ్’ ఆన్ చేసిన కెర్నెల్‌లో పొడవు తేడా, దిశ తేడా, మ్యాప్ ఎర్రర్ చూడకపోవడం, అన్నీ హెచ్చరికలుగా బయటపడతాయి. ఎక్స్86లో బూట్ లైన్‌లో ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీకి (బౌన్స్ బఫర్లను నడిపే కెర్నెల్ భాగం) ఫోర్స్ ఇస్తే ప్రతి మ్యాపింగ్ బౌన్స్ బఫర్ మీదుగా పోతుంది. అప్పుడు మరిచిపోయిన సింక్ కాల్ ఆర్మ్ బోర్డు లేకుండానే పట్టుబడుతుంది, ఎందుకంటే సింక్ చేయకపోతే డేటా కాపీయే కాదు. అక్కడ ఒక్క మ్యాపింగ్‌కి 256 కేబీ పరిమితి ఉంటుంది, అంతకంటే పెద్దది అడిగే డ్రైవర్ కూడా బయటపడుతుంది. ఐఓఎంఎంయూ స్ట్రిక్ట్ మోడ్‌లో పెడితే అన్‌మ్యాప్ అయిన చిరునామాకి రాసే డివైస్ వెంటనే ఫాల్ట్ ఇస్తుంది. బైట్ క్రమం తప్పులకి స్పార్స్ (కోడ్‌ను నడపకుండానే తనిఖీ చేసే సాధనం) చాలు, మేక్‌కి సీ ఈక్వల్స్ 1 ఇస్తే నడుస్తుంది. ఇవన్నీ అయ్యాక, పూర్తి లోడులో మాడ్యూల్‌ను తీసి మళ్లీ ఎక్కించడం కనీసం 100 సార్లు.

కామెంట్ రాసేటప్పుడు ‘ఇక్కడ రేస్ ఉంది’ అని వదిలేయను. సీపీయూ ఏ వరుసలో ఉండగా డివైస్ ఏం చేస్తే చెడుతుందో రెండు గళ్లలో రాసి పంపుతాను. కాగితం మీద గీసినదే. రెండో వెర్షన్ వచ్చాక గిట్ రేంజ్ డిఫ్‌తో మారినంత మేరకే చూస్తాను, ఎర్రర్ లేబుళ్లను మాత్రం మళ్లీ మొదటి నుంచి చదువుతాను. మధ్యలో ఒక మ్యాప్ కొత్తగా చేరితే దాని కింద ఉన్న గోటోలన్నీ ఒక మెట్టు తప్పుతాయి. ఫిక్సెస్ ట్యాగ్‌లో (ఏ పాత కమిట్‌లోని బగ్‌ను సరిచేస్తోందో చెప్పే వరుస) 12 అక్షరాల కమిట్ ఐడీ సరైనదేనా, స్టేబుల్ చెట్లకి (ఇప్పటికే విడుదలైన కెర్నెల్‌లకి సవరణలు పోయే చోటు) పోవాల్సిన సవరణ పెద్ద మార్పుతో కలిసిపోయిందా అని ఆఖరున చూస్తాను. కలిసిపోతే విడదీయమంటాను: బైట్ క్రమం సవరణ ఒక ప్యాచ్, టైమౌట్ సవరణ ఇంకో ప్యాచ్, కొత్త రింగ్ వాటి మీద. రింగ్ ప్యాచ్‌లో పంపే వైపు మార్పును నేను బోర్డు మీద నడపలేదనుకోండి, రివ్యూడ్ బై ఇస్తాను గానీ టెస్టెడ్ బై ఇవ్వను.