కార్బన్ జంట గీతలు

పొద్దున్నుంచీ ముసురే. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఆటో ఇరుక్కుపోయింది, కాలేజీకి తడుస్తూనే చేరాను. సెకండియర్ క్లాసులో సగం బెంచీలు ఖాళీ. సిలబస్ పక్కన పెట్టి, కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతున్న సంగతి ఎత్తుకున్నాను. గెలాక్సీల నడుమ పలచటి వాయువు పరుచుకుని ఉంటుందనీ, అందులో కార్బన్, ఆక్సిజన్, సిలికాన్ కూడా ఉన్నాయనీ చెప్పాను.

వెనక బెంచీ అమ్మాయి లేచి, "అంత దూరం ఎవులూ ఎల్లలేదు కదా మాస్టారూ, కార్బనుందని ఎలగ తెల్సింది?" అంది.

ఎంత సంతోషం వేసిందో! వెంటనే బోర్డు మీద క్వేజార్ గీశాను, అంటే చాలా దూరాన గెలాక్సీ నడుమ మెరిసే అతి ప్రకాశవంతమైన కేంద్రం. దాని వెలుగు మన దాకా వచ్చే దారిలో ఏ మేఘం అడ్డొచ్చినా, అందులోని మూలకాలు తమ రంగుల్ని మింగేస్తాయి. వర్ణపటంలో అక్కడ నల్ల గీతలు పడతాయి. 3 ఎలక్ట్రాన్లు ఊడిన కార్బన్‌వి రెండు గీతలు, 154.8, 155.1 నానోమీటర్ల దగ్గర పక్కపక్కనే ఉంటాయి. అది అతినీలలోహితం, మన గాలి దాన్ని కిందికి రానివ్వదు. విశ్వం విస్తరిస్తూ కాంతిని ఎంత సాగదీసిందో చెప్పే అంకె రెడ్‌షిఫ్ట్, దానికి 1 కలిపితే ఎన్ని రెట్లో తెలుస్తుంది. ఆ మేఘం రెడ్‌షిఫ్ట్ 3 దగ్గర ఉంటే, విశ్వంతో పాటు ఆ తరంగం 4 రెట్లు సాగి, 619 దగ్గర నారింజ రంగులో దిగుతుంది. ఆ రెండు గీతల తరంగదైర్ఘ్యాల నిష్పత్తి మాత్రం చెక్కు చెదరదు. దాన్నిబట్టే పోల్చుకుంటారు.

1990లలో హవాయిలోని కెక్ టెలిస్కోపు అలాంటి మేఘాలు చాలావాటిలో కార్బన్‌ను పట్టింది. ఆ వెలుగు ఆ మేఘాల్ని దాటిన నాటికి విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్లే! నక్షత్రాల కడుపులో పుట్టింది అంత తొందరగా గెలాక్సీ దాటి ఎలా వచ్చింది? సూపర్‌నోవాల పేలుళ్లు రేపిన గాలులే దాన్ని బయటికి తోశాయి. నాకు అన్నిటికన్నా అబ్బురం ఇదే.

అయితే కార్బన్ అన్నిచోట్లా ఒకేలా అంటుకోలేదు. వరద రోజుల్లో కళ్లేపల్లి దగ్గర నాగావళి సముద్రంలో కలిసేటప్పుడు ఎర్రనీరు చారలుగా పోతుంది, పక్క నీళ్లు ఇంకా నీలంగానే ఉంటాయి. ఇదీ అంతే. 2011లో రెండు మేఘాలు దొరికాయి, అవీ దాదాపు విశ్వానికి 200 కోట్ల ఏళ్లున్నప్పటివే. వాటిలో బరువైన మూలకాల జాడే లేదు. ఉన్నా సూర్యుడిలో ఉన్నదాంట్లో పదివేలో వంతుకన్నా తక్కువ. అంతకాలం ఏ నక్షత్రపు ఊపిరీ సోకకుండా ఎలా మిగిలాయో!

ఇంకా వెనక్కి, మొదటి 100 కోట్ల ఏళ్లలోకి వెళ్తే ఈ జంట గీతలు బాగా పలచబడతాయి. కార్బన్ అప్పటికి తక్కువే పుట్టింది, అదొక కారణం. ఉన్నదానికి కూడా 3 ఎలక్ట్రాన్లు ఊడేంత తీవ్రమైన కాంతి అప్పుడు తక్కువ, అది ఇంకో కారణం. ఈ రెండిటినీ విడదీయడమే కష్టం.

బెల్ కొట్టేశారు. రెడ్‌షిఫ్ట్ 6 దగ్గర ఆ గీత ఎక్కడ పడుతుందో రేపు ఆ అమ్మాయి చేతే లెక్క కట్టించాలి. 154.8ని 7తో గుణిస్తే దాదాపు 1084, పరారుణం. దానికి వేరే పరికరం కావాలి.